ఆషాఢంలో ఆకుపచ్చ లేజర్

“బేస్... నాకు ఏమీ కనిపించట్లేదు. బేస్!”

సర్వే హెలికాప్టర్ నడుపుతున్న కెప్టెన్ రామ్‌దాస్ నుంచి వచ్చిన ఆఖరి రేడియో మెసేజ్ అది.

నవీపేట్ దాటి గోదావరి మీదికి వచ్చేసరికి సూర్యుడు దిగిపోయాడు. నీళ్ల మీద ఇంకా కాస్త ఎరుపు మిగిలి ఉంది. కెప్టెన్ హెలికాప్టర్‌ను కిందికి దించుతుండగా ఒడ్డున ఉన్న చెరుకు తోటలోంచి సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి లేచింది. అది తగిలిన మరుక్షణం కాక్‌పిట్ అద్దమంతా పచ్చటి నిప్పులా మండింది. కెప్టెన్ మొహం తిప్పుకున్నాడు. గీత అతని కళ్లను వెతుక్కుంటూ వచ్చింది.

హెలికాప్టర్ పక్కకు ఒరిగి ఇసుక మేటలో కూలింది.

చేపలు పట్టేవాళ్లు పరిగెత్తి కెప్టెన్‌ను బయటికి లాగారు. ప్రాణం దక్కింది. చూపు దక్కలేదు. చెరుకు తోటలోంచి ఎవరో పారిపోయారు. గట్టు మీది బురదలో ఒక టార్చిలైటు మాత్రం దొరికింది.

*

హైదరాబాద్‌లో ‘లక్కీ కొరియర్స్’ అనే బోర్డు ఉన్న ఆఫీసుకు కవర్లు పట్టుకుని ఎవరైనా వస్తే, “సర్వర్ డౌన్ అండీ” అని పంపించేస్తారు. ఆ కౌంటర్ వెనక ఉన్న తలుపు దాటితే డిపార్ట్‌మెంట్ సెవెన్.

2007 జూలైలో ఆ డిపార్ట్‌మెంట్ మొత్తంలో సంతోషంగా ఉన్న మనిషి ఒక్కడే. ఏజెంట్ ఆత్మారాం. పెళ్లయి నెల కూడా కాలేదు. లిఫ్ట్‌లో ఈల వేస్తాడు. క్యాంటీన్ టీ బాగుందని మాస్టర్‌ను మెచ్చుకుంటాడు. ఇంతకుముందు తుపాకీ తీయడంలో అతని చెయ్యే అందరికంటే వేగం. ఇప్పుడు అంతకంటే వేగంగా సెల్‌ఫోన్ తీస్తున్నాడు, గంగామణి మెసేజ్ పెట్టిందేమోనని.

ఆషాఢం కాబట్టి గంగామణి బోధన్‌లో పుట్టింట్లో ఉంది. ఈ నెలంతా కొత్త అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. ఏడు దేశాల బోర్డర్లు దొంగ పాస్‌పోర్టుతో దాటినవాడికి ఈ గడప ఒక్కటి అడ్డమైంది.

“నవ్వుకోవడం అయిపోయిందా ఏజెంట్?” అన్నాడు చీఫ్ రాజనర్సు.

“యస్ చీఫ్.”

“అయితే ఇది చూడు.”

టేబుల్ మీద తెల్లబట్ట, దాని మీద గోదావరి ఒడ్డున దొరికిన టార్చి. ల్యాబ్ టెక్నీషియన్ ముత్యం చేతులకు గ్లోవ్స్ వేసుకుని దాన్ని విప్పుతున్నాడు.

“పైకి మామూలు అల్యూమినియం టార్చి. లోపల బల్బు లేదు, గ్రీన్ లేజర్ మాడ్యూల్ ఉంది. అది ఫారిన్‌ది. మిగతా అంతా మన దగ్గర బిగించిందే. సన్నటి లిథియం బ్యాటరీ పెట్టారు. టార్చి గొట్టం లావు, బ్యాటరీ సన్నం. కదలకుండా ఉండాలని దేంతో చుట్టారో చూడండి.”

ముత్యం బ్యాటరీని బయటికి లాగాడు. దాని చుట్టూ ఎండిన ఆకు. ఆకు మీద దారం.

“తునికాకు,” అన్నాడు చీఫ్. “చుట్టిన తీరు చూస్తే బీడీలు చేసే చెయ్యి. అంటే నిజామాబాద్ వైపు.”

“ఇది హీట్ సింక్,” ముత్యం గాడులు చెక్కిన అల్యూమినియం దిమ్మ ఒకటి చూపించాడు. “లేజర్ వెలిగితే పొయ్యిలా కాలుతుంది. ఆ వేడి ఈ దిమ్మలోకి దిగాలి. రెంటి మధ్యా ఈ తెల్ల థర్మల్ పేస్ట్ పూస్తేనే దిగుతుంది. ఇది సరిగ్గా లేకపోతే నాలుగు క్షణాలు వెలిగి చచ్చిపోతుంది. ఇక్కడ మాత్రం చాలా శ్రద్ధగా పూశారు. ఎంత శ్రద్ధంటే, వేలిముద్ర కూడా పడింది.”

ఆత్మారాం భూతద్దం మీదికి వంగాడు.

చూపుడు వేలు. గీతల మధ్య నెలవంకలా ఒక కోత.

అతని చెవుల్లో ఏసీ శబ్దం ఒక్కసారిగా పెద్దదైంది. ఆ కోత అతనికి తెలుసు. పెళ్లయిన మూడో రోజు, డాబా మీద, గంగామణి చేతివేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తూ, “గిదేంది?” అని అడిగాడు. “సిన్నప్పుడు తునికాకు కత్తిరిస్తుంటే కత్తెర పడ్డది బావా” అంది. ఆ వేలిని ముద్దు పెట్టుకున్నాడు.

“రికార్డుల్లో ఈ ముద్ర ఎవరితోనూ కలవలేదు,” చీఫ్ చెప్పుకుపోతున్నాడు. “ఆ వేలు ఎవరిదో కనుక్కో. దాని వెనక కోబాల్ట్ ముఠా ఉంది. కోబాల్ట్ షూటర్ పేరు కార్వర్. మొహం చూసినవాళ్లు లేరు. కెప్టెన్ రామ్‌దాస్ మీద జరిగింది ట్రయల్ మాత్రమే. అసలు టార్గెట్ డాక్టర్ లక్ష్మీరాజం.”

“రాడార్ సైంటిస్ట్?”

“ఆయన తలలో ఉన్న డిజైన్ ఇంకా కాగితం మీదికి రాలేదు. ఆయన పోతే అదీ పోతుంది. యాక్సిడెంట్ అని అందరూ సంతాపం చెప్పి ఊరుకుంటారు. రేపు సాయంత్రం బోధన్‌లో ఆయన చదువుకున్న బడిలో సైన్స్ ల్యాబ్ ఓపెనింగ్. హెలికాప్టర్‌లో వెళ్తాడు. వద్దని చెప్పాం. పిల్లలకు మాటిచ్చానంటాడు.”

“అక్కడ మనవాళ్లు?”

“రేణుక. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. మనం మన మనిషి అనుకుంటున్నాం. ఎవరు కరెక్టో నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. కోడ్ గుర్తుంచుకో: ‘ఈసారి చెరుకు తీపెక్కిందా?’ జవాబు: ‘వాన దయ.’”

ముత్యం నారింజ రంగు కళ్లద్దాలు చేతిలో పెట్టాడు. “ఇవి పెట్టుకుంటే గ్రీన్ లేజర్ కంట్లోకి రాదు. ఒకటే జత ఉంది సార్, సంతకం పెట్టండి.”

“ఏమైనా చెప్పాలా?” అన్నాడు చీఫ్, ఆత్మారాం మొహం చూసి.

“ఏం లేదు చీఫ్.”

డిపార్ట్‌మెంట్‌లో చేరాక అతను చీఫ్‌తో ఆడిన మొదటి అబద్ధం అదే.

వెళ్లే ముందు ఆస్పత్రికి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. కెప్టెన్ రామ్‌దాస్ భార్య బత్తాయి తొనలు ఒలుస్తోంది. ఆత్మారాం అడుగుల చప్పుడు విని కెప్టెన్ తల తిప్పి, మర్యాదగా అడిగాడు.

“లైటు వేశారా?”

*

మర్నాడు బోధన్ బస్టాండ్ ఎదుట పాత మోపెడ్ ఒకటి ఆగింది. వెనక కట్టిన చెక్కపెట్టె మీద ‘ఎమర్జెన్సీ లైట్లు, టార్చీలు రిపేరు చేయబడును’ అని రాసి ఉంది. మాసిన చొక్కా, గీయని గడ్డం, చెవి మీద స్క్రూడ్రైవర్. ఆ వేషంలో ఆత్మారాంను డిపార్ట్‌మెంట్ కూడా గుర్తుపట్టదు.

అతని మెసేజ్ చూసి వచ్చి, బేకరీలో ఫ్యాన్ కింద కూర్చున్న గంగామణి మాత్రం గుర్తుపట్టి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

“గిదేం వేషం బావా?”

తన మొగుడు బ్యాటరీల కంపెనీలో సేల్స్ ఆఫీసర్ అని ఆమె నమ్మకం.

“సేల్స్ తగ్గినయ్. రిపేర్లు గూడ చేయమంటున్నరు.”

“అయ్యో! గందుకేనా గింత సిక్కిపోయినవ్?” అని తన ప్లేటులోని సమోసా అతని వైపు జరిపింది. వేడి సమోసా. మీద పచ్చిమిరపకాయ. ఎదురుగా గంగామణి. బయట చినుకులు మొదలయ్యాయి. ఇంకో రోజైతే ఇంతకంటే ఏం కావాలి అనుకునేవాడు.

“ఎవలన్న సూస్తే ఏమనుకుంటరు, ఆషాఢంల మొగనితోని తిరుగుతున్నదని? అవ్వకు సెప్పకుండ వచ్చిన. దారపుండ కొనుక్కొస్తనని.” రెండు చేతులు అతని ముందు చాపింది. “సూడు.”

అరచేతుల మధ్య చందమామల్లాంటి గుండ్రటి చుక్కలు. వేళ్ల కొసలకు ఎర్రటి టోపీలు.

“మొన్న పెట్టుకున్న. గింత ఎర్రగ పండిందంటే నువ్వు మంచోనివేనట. అవ్వ అన్నది.”

ఆత్మారాం ఆ చేతిని పట్టుకున్నాడు. బొటనవేలితో చూపుడు వేలి మీది కోతను తడిమాడు.

“గోరింటాకు పెట్టుకుంటే బీడీలెట్ల చేసినవ్?”

“బీడీలెవలు చేస్తున్నరు? టార్చిలైట్లు ఫిట్ జేస్తున్నం. నీకు సెప్పలేదు గదా! రేణుక మేడం అని ఉన్నది. కారు, నల్లద్దాలు, సిన్మా హీరోయిన్ లెక్క ఉంటది. సామాను ఇంటికే పంపుతది. బ్యాటరీ పెట్టాలె, అల్యూమిన్యం బిళ్ల పెట్టాలె, బిగియ్యాలె. దుబాయ్ దిక్కు ఒంటెలు కాసేటోళ్లకు పంపుతరట. చీకట్ల దూరం కనవడాలె గదా వాళ్లకు.”

“వెలిగించి సూసినవా?”

“వెలిగియ్యద్దన్నరు. సీలు పోతదట.” ఆమె గొంతు తగ్గించి గర్వంగా చెప్పింది. “మొట్టమొదటిది నేనే చేసిన బావా. మేడం మెచ్చుకున్నది. నీ చేతులు బంగారం అన్నది.”

ఆత్మారాం పచ్చిమిరపకాయను సగానికి కొరికేశాడు.

“ఇంక ఎన్ని ఉన్నయ్?”

“రెండే. పొద్దున పట్కపోయిండ్రు. ఏమైంది బావా? కారమా?”

“ఆఁ, కారమే” అన్నాడు ఆత్మారాం, కళ్లు తుడుచుకుంటూ.

ఆడవాళ్లతో ఈ పని చేయిస్తున్నది రేణుకే అన్న సంగతి చీఫ్‌కు ఆమె పంపిన ఏ రిపోర్టులోనూ లేదు.

*

సాలూర వెళ్లే దారిలో, చెరుకు తోటల మధ్య తెల్ల జెన్ కారు ఆగి ఉంది. దానికి ఆనుకుని రేణుక. నల్లద్దాలు, ఆకుపచ్చ షిఫాన్ చీర, చేతిలో చిన్న హ్యాండ్‌బ్యాగు. బురద రోడ్డు మీద నిలబడినా ఆమె చెప్పులకు బురద అంటలేదు.

“ఈసారి చెరుకు తీపెక్కిందా మేడం?”

“వాన దయ.” ఆమె నవ్వింది. “గంగామణి బాగుందా?”

ఆత్మారాం చెయ్యి స్క్రూడ్రైవర్ వైపు కదిలింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ అప్పటికే బయటికి వచ్చింది.

“తొందరపడకు. నీ పెళ్లికి రాలేకపోయాను కానీ ఫోటోలు చూశాను. ఫోన్ ఇటివ్వు. మోపెడ్ తాళం కూడా.”

ఇచ్చాడు.

“ఆ ఇల్లు కావాలనే ఎంచుకున్నావు,” అన్నాడు.

“బోధన్‌లో బీడీలు చేసే ఇళ్లకు కొదవా? నీ అత్తగారిల్లే ఎందుకు పట్టుకున్నాననుకున్నావు? డిపార్ట్‌మెంట్ పంపేది నిన్నేనని తెలుసు. ఈ జిల్లా వాడివి నువ్వొక్కడివే.” ఆమె నల్లద్దాలు తీసింది. కళ్లు అలిసిపోయి ఉన్నాయి. “విను. నేను దొరికితే పోలీసులకు మొదట చెప్పే పేరు నీ భార్యది. రెండోది మీ అత్తది. కెప్టెన్ కళ్లు తీసిన టార్చి మీద ముద్ర ఎవరిదో నీకు తెలుసు. ఆమెకేమీ తెలియదంటే ఏ కోర్టు నమ్ముతుంది, మొగుడే సీక్రెట్ ఏజెంట్ అయినప్పుడు?”

“దొరక్కపోతే?”

“సాయంత్రం పని అయిపోగానే టార్చీలు, డబ్బాలు, అన్నీ తగలబడతాయి. నేను బోర్డర్ దాటిపోతాను. హైదరాబాద్‌లో ఉన్న ఆ ముద్ర ఎవరిదో ఎప్పటికీ తేలదు. నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. అదిగో, ఆ కల్వర్టు మీద కూర్చో. కొత్త పెళ్లికొడుకువి. ఆమె గురించి ఆలోచించుకుంటే టైం తెలియదు.”

కారు నాందేడ్ వైపు వెళ్లిపోయింది.

ఆత్మారాం నిజంగానే కల్వర్టు మీద కూర్చున్నాడు.

ఏమీ చేయకపోతే చాలు. ఆషాఢం వెళ్లిపోతుంది. గంగామణి ట్రంకు పెట్టెతో, పచ్చళ్ల సీసాలతో హైదరాబాద్ వస్తుంది. సాయంత్రాలు డాబా మీద కూర్చుంటారు. ఆ వేలిని పట్టుకుంటాడు. పట్టుకున్న ప్రతిసారీ...

‘లైటు వేశారా?’

లేచాడు. మబ్బు పట్టిన ఆకాశంలో పడమటి పక్క మాత్రం కాస్త తెల్లగా ఉంది. రోడ్డు మీదికి పరిగెత్తి, బోధన్ వైపు వెళ్తున్న షేర్ ఆటో వెనక పట్టుకుని వేలాడాడు.

*

ఊరి మొదట్లో కిరాణా కొట్టు బయట ఎర్ర కాయిన్ బాక్స్ ఉంది. జేబులో ఒకే ఒక్క రూపాయి బిళ్ల దొరికింది.

“లక్కీ కొరియర్స్.”

“ఏజెంట్ పద్దెనిమిది. చీఫ్ కావాలి. అర్జెంట్.”

క్లిక్.

“చెప్పు.”

“రేణుక ముఠా మనిషి. నాందేడ్ రోడ్డు, తెల్ల జెన్. హెలికాప్టర్‌ను వెనక్కి తిప్పండి.”

“ఇప్పటికే గాల్లో ఉంది. కంట్రోల్‌తో చెప్పిస్తాను, అందుతుందో లేదో తెలియదు. మబ్బులున్నాయి. ఓపెనింగ్ సాయంత్రం ఎండ తగ్గాక పెట్టుకుందామని స్వాగత కమిటీలో చెప్పింది కూడా ఆమే. ఇంకేమైనా?”

ఫోన్‌లో బీప్ మొదలైంది. కాల్ కట్ కాబోతోంది.

“ఆ వేలిముద్ర నా భార్యది చీఫ్. నాకు నిన్ననే తెలుసు. ఆమెకేమీ తెలియదు.”

బీప్. బీప్.

“పరిగెత్తు,” అన్నాడు చీఫ్.

లైన్ తెగిపోయింది.

*

టార్చీలు ఎక్కడికి పోయాయో ఆ ఇంట్లోనే తెలియాలి. బురద చిమ్ముకుంటూ ఆత్మారాం అత్తగారి వాకిట్లోకి దూసుకెళ్లాడు.

గడపలో రెండు చేతులూ అడ్డం పెట్టి అత్తగారు శంకరమ్మ నిలబడింది.

“ఆగు బిడ్డా! ఆషాఢం!”

“అత్తమ్మా, ప్రాణాల మీదికొచ్చింది...”

“గందుకే వద్దంటున్న! కొత్త అల్లుడు గడప తొక్కితే అత్త ప్రాణానికే గండం. నా పానం తీస్తవా?”

ఏజెంట్ ఆత్మారాం కరాటేలో బ్లాక్ బెల్ట్. అత్తగారి మీద వాడే పట్టు ఏదీ అందులో నేర్పలేదు. ఇంటి పక్కకు పరిగెత్తి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. ఆమె లోపలి నుంచి కిటికీ దగ్గరికి వచ్చింది. కిటికీకి ఆషాఢం పట్టింపు లేదు.

“పొద్దున పోయిన టార్చీలు ఎక్కడున్నయ్ అత్తమ్మా?”

“ఓ అదా. మేడం వాళ్ల ఫారిన్ ఇంజనీర్ సారు పట్కపోయిండు. ఎర్రగ, పొడుగ్గ ఉంటడు. బడి ఎనుక హన్మాండ్లు చెరుకుల మోటర్ గది ఉన్నది సూడు, దాని మీదికెక్కి టెస్టింగ్ జేస్తడట.” ఆమె మొహం చిన్నబోయింది. “ఏం బిడ్డా, పనిల ఏమన్న తప్పువడ్డదా? గా తెల్ల మందు సంగతేనా?”

ఆత్మారాం వెళ్లబోయినవాడు ఆగాడు.

“ఏం తెల్ల మందు?”

“గదే, బిళ్లకు పూసేది. పొల్ల గోరింటాకు పెట్టుకున్నది గదా. గా మందు చేతికంటితే సబ్బు పెట్టి రుద్దుతె గాని పోదు. రుద్దుతె గోరింటాకు పోదా? మొదటి ఆషాఢమాయె. గందుకని ఆఖరు రెంటికి మైదా జిగురు పూసినం. బీడీ కట్టల మీద కాయితం అంటిచ్చేది. అదీ తెల్లగనే ఉంటది, ఇదీ తెల్లగనే ఉంటది. ఎండినంక గట్టిగ గూడ పట్టుకున్నది. మేడంకు సెప్పకు బిడ్డా.”

‘నాలుగు క్షణాలు వెలిగి చచ్చిపోతుంది’ అన్న ముత్యం మాట చెవిలో మోగింది. కానీ పైలట్ కళ్లకు ఆ నాలుగు క్షణాలు చాలు.

“సెప్పను అత్తమ్మా!” అని అరుస్తూ చెరుకులోకి దూకాడు.

*

తడిసిన చెరుకు ఆకులు కత్తుల్లా మొహాన్ని కోస్తున్నాయి. బడి మైదానంలో బ్యాండు వాయిస్తున్నారు. మైకులో ఎవరో “హలో, మైక్ టెస్టింగ్” అంటున్నారు. ఆ శబ్దాలన్నిటి వెనక, దూరంగా, గాలిని తరుగుతున్న చప్పుడు.

హెలికాప్టర్.

మోటర్ గది మీద మోకాళ్ల మీద కూర్చున్న పొడుగాటి మనిషి. తల మీద చక్కెర ఫ్యాక్టరీ ఇంజనీర్లు పెట్టుకునే పసుపు టోపీ. ఒక చేతిలో టార్చి, ఇంకోటి పక్కన.

ఆత్మారాం నారింజ అద్దాలు పెట్టుకుని గోడకున్న పైపు పట్టుకుని పైకెక్కాడు.

“కార్వర్!”

కార్వర్ తిరిగాడు. పచ్చటి గీత నేరుగా ఆత్మారాం కళ్ల మీద పడింది. అద్దాలు ఆపాయి. లోకమంతా నారింజ రంగు. మధ్యలో మసకగా ఒక చుక్క. ఆత్మారాం తల తిప్పలేదు. దాక్కోలేదు. రేకుల మీద ఒక్కో అడుగే వేస్తూ ఆ వెలుగులోకే నడిచాడు.

వెలగనీ. ఇంకా వెలగనీ. కాలనీ.

కార్వర్‌కు అర్థం కాలేదు. కళ్లు పోవాల్సిన మనిషి ముందుకు వస్తున్నాడు. బటన్ మీద వేలు ఇంకా గట్టిగా నొక్కాడు. చుక్క పల్చబడింది. వణికింది. ఆరిపోయింది.

“వాట్ ద...”

దాన్ని విసిరేసి రెండోది అందుకున్నాడు. అప్పటికి హెలికాప్టర్ చెరుకు తోట అంచు మీదికి వచ్చేసింది. రెక్కల గాలికి చెరుకంతా నేలకు వంగింది. అద్దం వెనక పైలట్ మొహం, అతని పక్కన తెల్లజుట్టు డాక్టర్ లక్ష్మీరాజం కిందికి చూసి చెయ్యి ఊపడం, అన్నీ కనిపిస్తున్నాయి. కార్వర్ టార్చి పైకెత్తాడు.

ఆత్మారాం దూకాడు. కార్వర్ గొంతు అందలేదు. టార్చి అందింది. వెలుగు వచ్చే మూతి మీద అరచెయ్యి అదిమి పట్టాడు.

అరచేతి మధ్యలో నిప్పుకణం గుచ్చుకుంది. చర్మం కాలుతున్న వాసన వచ్చింది. కార్వర్ రెండో చేత్తో అతని మొహం మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు. నారింజ అద్దాలు ఎగిరిపోయాయి. ఆత్మారాం కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి తీయలేదు. హెలికాప్టర్ చప్పుడు నెత్తి మీదికి వచ్చింది, రేకులు దడదడలాడాయి...

అరచేతిలో మంట ఆగింది.

కార్వర్ బటన్ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. మైదా జిగురు తన పని తాను చేసింది.

తడి రేకు మీద ఇద్దరి కాళ్లూ ఒకేసారి జారాయి. చెరుకులో పడ్డాక పైన ఉన్నవాడు ఆత్మారాం. మోటర్ వైరుతో కార్వర్ చేతులు కట్టేస్తుంటే మైదానంలో బ్యాండు మళ్లీ మొదలైంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

*

మర్నాడు పొద్దున ఆత్మారాంకు ఫోన్ తిరిగి వచ్చింది. సాలూర చెక్‌పోస్టు దగ్గర పోలీసులను మరాఠీలో తిడుతున్న రేణుక హ్యాండ్‌బ్యాగులో దొరికింది.

“కంట్రోల్ మెసేజ్ పైలట్‌కు అందింది,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. “హెలికాప్టర్ దిగి, డాక్టర్ గారు రిబ్బన్ కత్తిరించి, పిల్లలకు చాక్లెట్లు పంచాక.”

ఆత్మారాం నవ్వలేదు.

“రేణుక మొదట చెప్పిన పేరు నీ భార్యదే. కానీ ఆమెకంటే ముందే నువ్వు చెప్పావు, టైం రికార్డయింది. కాబట్టి గంగామణి సాక్షి. నిందితురాలు కాదు. నువ్వు ఆ రూపాయి ఖర్చు పెట్టకపోయి ఉంటే ఇవాళ మీ ఇద్దరి కోసం జీపు పంపేవాణ్ని.”

“థాంక్యూ చీఫ్.”

“ఆమె స్టేట్‌మెంట్ ఇవ్వాలి. కెప్టెన్ సంగతి ఆమెకు తెలియాలి. చెప్పేది పోలీసులా, నువ్వా?”

“నేనే.”

అత్తగారింటి కిటికీ బయట నిలబడి చెప్పాడు. తనది బ్యాటరీల ఉద్యోగం కాదన్నాడు. ఒంటెలు కాసేవాళ్లు లేరన్నాడు. మొట్టమొదటి టార్చి ఎవరి కళ్ల మీద వెలిగిందో చెప్పాడు. గంగామణి ఊచలు పట్టుకుని వింది. విన్నాక తన చూపుడు వేలిని చాలాసేపు చూసుకుంది, అది వేరే ఎవరిదో అన్నట్టు.

“ఆయనకు పెండ్లయిందా?”

“అయింది.”

“ఆమెకు నా పేరు తెలుసా?”

“తెల్వది.”

“తెల్వాలె.” చెంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆషాఢం పోయినంక నన్ను గా దవాఖానకు తీస్కపో బావా. నేనే సెప్పుకుంట. తిట్టినా పడుత.”

“సరే” అన్నాడు. ఆ రోజు ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

అప్పుడు ఆమె అతని కుడిచేతికి చుట్టిన గుడ్డ చూసింది. ఊచల్లోంచి చెయ్యి లోపలికి లాక్కుని విప్పింది. అరచేతి సరిగ్గా మధ్యలో గుండ్రటి ఎర్రటి మచ్చ. ఆమె తన అరచెయ్యి పక్కన పెట్టి చూసింది. రెండు చందమామలు.

నవ్వబోయి, ఏడ్చింది.

శంకరమ్మ గిన్నెలో పసుపు, వెన్న కలిపి తెచ్చింది. ఆమెకు జరిగింది సగమే తెలుసు, అందులో సగమే నమ్మింది.

“బ్యాటరీలు గూడ గింతగనం కాలుతయా బిడ్డా? ఏం నౌకరో ఏమో. చెయ్యి ఇంకింత లోపలికి పెట్టు.”

“అత్తమ్మా, పక్కనే తలుపు తెరిచే ఉన్నది గదా. లోపలికొచ్చి కూసుంట.”

“కాళ్లు విరుగగొడత.”

బయట చినుకులు మొదలయ్యాయి. కోబాల్ట్ ముఠా పన్నిన వలలన్నీ దాటి వచ్చిన ఏజెంట్ ఆత్మారాం, చూరు నీళ్ల కింద నిలబడి, చెయ్యి ఒక్కటి ఇంట్లో, మిగతా మనిషి వానలో ఉండి, శ్రావణం ఎప్పుడొస్తుందో కనుక్కుని చెప్పమని డిపార్ట్‌మెంట్ సెవెన్‌కు అర్జెంట్ మెసేజ్ పెట్టాడు.